గ్లాసు అంబలికి వాళ్ళు వేసిన లెక్క

ఆ అమ్మాయి మొదటి మాటలోనే నన్ను ఆంటీ అంది. అప్పటికి నాకు నలభై నిండలేదు, ఆవిడకి ముప్ఫై దగ్గర పడుతోంది. అది చిన్న విషయమే అంటారు మా ఆయన. ఆయనకి అన్నీ చిన్న విషయాలే. నాకు ఆ మాటా గుర్తుంది, ఆ తరవాత అన్న మాటలన్నీ గుర్తున్నాయి. ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

తొంభైల చివరి సంగతి. మా ఆయన అరకులోయలో పోస్టుమాస్టరు. ముందుగదిలో ఆఫీసు, వెనక రెండు గదుల్లో కాపురం. ఒక చలికాలం నాకు దాహం పట్టుకుంది. మంచం పక్కన నీళ్ళ చెంబు లేనిదే పడుకునేదాన్ని కాదు. జాకెట్లు వదులైపోయాయి. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. దాని పేరు రాయను, ఊరికే వాళ్ళకి ప్రచారం దేనికి. రక్తం తీసి చూసి, చక్కెర జబ్బు అన్నారు. పెద్ద డాక్టరు మాత్రలు రాసిచ్చి, "ముందు తిండి అదుపులో పెట్టండి. ఒకటి రెండు విజిట్లు చూస్తాను. దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిందే" అన్నాడు.

పట్నంలో ఉన్నవాళ్ళకి ఇన్సులిన్ అంటే సూది బాధ ఒక్కటే. మాకు అలా కాదు. ఆ మందుని చల్లగా దాచాలి. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, ఉన్నా వానలు పడితే కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియదు. ఘాట్ రోడ్డు మీద బండలు జారితే మందు కొండెక్కదు. ఈ కబురు వినగానే పార్వతీపురంలో ఉన్న మా ఆడపడుచు, అంటే మా ఆయన అక్కగారు, తీర్పు చెప్పేసింది. వాళ్ళింట్లో ఫ్రిజ్ ఉంది, పక్కింట్లో కాంపౌండరు ఉన్నాడు. కాబట్టి సూది అంటూ వస్తే నేను కొండ దిగి వాళ్ళింట్లోనే ఉండాలి, మా ఆయన ఆదివారాలు వచ్చి చూసి పోవాలి. మా ఆయన తల ఊపారు.

పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో ఏడాది ఉన్నాను. నేను కంచం ముందు కూచున్నప్పుడు ఆవిడ గరిటె పట్టుకుని, "ఇంకా వెయ్యమంటావా, రెండోసారి వేశాను కదా" అని నలుగురూ వినేట్టు అడిగేది. నా ముద్దలు లెక్కపెట్టిన ఇల్లు అది. మళ్ళీ ఆ గడప తొక్కకుండా ఉండాలంటే నా చక్కెర దిగాలి. నాకు కావలసింది అదొక్కటే.

డాక్టరు గదిని ఆనుకుని ఒక చిన్న గది. అందులో కూచునేది ఆ ఆంటీ అన్న అమ్మాయి. ఎవరేం తినాలో చెప్పడం ఆవిడ ఉద్యోగం. గోడ మీద ఆపిల్ పళ్ళ బొమ్మ, బల్ల మీద అచ్చేసిన చార్టుల కట్ట. చార్టులో ఎడమ వైపు తిండి పేరు, మధ్యలో కొలత, కుడి వైపు క్యాలరీలు. ఇడ్లీ ఒకటి, ఇన్ని. చపాతీ ఒకటి, ఇన్ని. బ్రౌన్ బ్రెడ్డు ఒక ముక్క, ఓట్సు ఒక కప్పు, ఆపిల్ చిన్నది ఒకటి. ఆ రోజుల్లో అరకు సంతలో ఓట్సు చూసినవాళ్ళెవరైనా ఉంటే వచ్చి నాతో చెప్పమనండి.

"ఇందులో మేం తినేవి సగం లేవమ్మా" అన్నాను.

"మీరేం తింటారు ఆంటీ?"

"సామన్నం వండుకుంటాం. చోడి అంబలి తాగుతాం. వలిసె నూనె వాడతాం. చలికాలంలో దుంపలు."

"చోడి అంటే?"

"రాగులు."

"రాగులనే చెప్పొచ్చు కదా. ఇదిగో ఉంది, రాగి జావ, ఒక గ్లాసు." దాని కింద పెన్నుతో గీత గీసింది. "షుగర్ వాళ్ళకి చాలా మంచిది. పొద్దున టిఫిన్ బదులు ఒక గ్లాసు, పదకొండింటికి ఒకటి, సాయంత్రం ఒకటి. హాయిగా తాగండి."

"మా దగ్గర అంబలి వేరేగా ఉంటుంది. మీ జావలా ఉండదు."

"రాగి జావ ఎక్కడైనా రాగి జావే ఆంటీ. పేరు మారితే క్యాలరీలు మారవు."

ఈ మాట ఆవిడ అన్నదని నేను ఏ దేవుడి ముందైనా చెబుతాను. వేరేగా ఉంటుందని నేను మొదటి రోజే చెప్పాను. ఎంత వేరో నాకు తెలియదు. తెలుసుకోవలసింది ఆవిడ. అందుకే కదా ఆ కుర్చీలో కూచోబెట్టారు.

మా ఇంటి వెనక పెద్ద బండ ఒకటి ఉండేది. దాని మీదుగా దిగి వెళితే ఒక గూడెం. ఆ గూడెం నుంచి ఒకావిడ, నా ఈడుదే, రోజూ చిక్కుళ్ళో చిలగడదుంపలో గంపకెత్తుకుని మా పెరట్లోంచి బజారుకి వెళ్ళేది. భుజాన ఎండిన ఆనపకాయ బుర్ర, దాన్నిండా అంబలి. దారిలో మా గుమ్మంలో గంప దించి, నాతో కాసేపు మాట్లాడి, టీ తాగి పోయేది. నన్ను పోస్టమ్మా అని పిలిచేది. ఊళ్ళో నా ఇంటికి పనేమీ లేకుండా వచ్చే మనిషి ఆవిడ ఒక్కతే.

జావ తాగమన్నారని చెబితే, "నువ్వు కాసుకోడం ఏటి, మా ఇంట్ల కుండెడు కాత్తాను గదా, నీకోటి పోసీసి పోతాను" అంది. నేను ఆవకాయ పెట్టినప్పుడు ఆవిడకో చిన్న జాడీ ఇచ్చేదాన్ని. మా మధ్య అంతకు మించి లెక్కలు లేవు. చోడిపిండి రాత్రి నానబెట్టి పులియనిచ్చి, పొద్దున బియ్యపు నూకలు ఉడుకుతుంటే అందులో పోసి తిప్పేది. రోజూ నా స్టీలు గ్లాసు నింపి, మిగతా రెండు పూటలకీ గిన్నెలో పోసి వెళ్ళేది. పుల్లగా, కమ్మగా ఉండేది. ఆ చలిలో పొద్దున్నే అది కడుపులో పడితే ప్రాణం లేచొచ్చేది.

చార్టులో ఉన్నట్టే తిన్నాను. మధ్యాహ్నం కప్పుడు అన్నం, ఆకుకూర, పప్పు. పెరట్లో పనస పండి వాసన వీధి చివరిదాకా వెళుతుంటే కిటికీ మూసుకుని కూచున్నాను. తిన్న ప్రతిదీ రాసిపెట్టమంటే రాసిపెట్టాను. రెండు నెలలు పోయాక పాసింజరుకి దిగి, విశాఖపట్నంలో ఒక రాత్రి ఉండి, పరగడుపున రక్తం ఇచ్చాను. చక్కెర పెరిగింది.

ఆ అమ్మాయి నేను రాసిన పేజీలు తిరగేసింది.

"పేపరు మీద అంతా బ్రహ్మాండంగా ఉంది ఆంటీ. రాయనివి ఏమున్నాయో చెప్పండి."

"రాయనివి ఏమీ లేవు."

"అందరూ అలాగే అంటారు. రక్తం అబద్ధం చెప్పదు కదా."

అంటే అబద్ధం చెప్పేది నేనన్నమాట. నా వెనకాల వరసలో నిలబడ్డ ఒక లావుపాటి ఆయన నవ్వాడు. ఆయన మొహం కూడా నాకు గుర్తుంది. ఆ అమ్మాయి నా ఫైల్లో ఇంగ్లీషులో ఒక ముక్క రాసింది, రోగి పథ్యం పాటించడం లేదు అని. నాకు ఇంగ్లీషు రాదనుకుని కాగితం నా వైపే పెట్టి రాసింది. నేను బి.ఏ. చదివాను.

ఇంటికొచ్చి ఒక్కొక్కటీ పరీక్ష పెట్టాను. ముందు గ్లాసు. ఎదురింటి బాలింత దగ్గర గీతలున్న పాలసీసా అడిగి తెచ్చి, నా గ్లాసులో ఎన్ని నీళ్ళు పడతాయో కొలిచాను. చార్టు చెప్పిన గ్లాసే. నూనె చెంచా చూశాను, సరిపోయింది. అన్నం కప్పు అంటే ఉడికాకా, ఉడకకముందా అని వాళ్ళకి కార్డు రాశాను. మా ఇంట్లోంచి ఉత్తరం పోవడం ఎంత సులువో చెప్పక్కర్లేదు. జవాబు రాలేదు. మా ఆయన ట్రంకాల్ చేసి అడిగితే ఉడికాక అన్నారు. నేను కొలిచిందీ అదే.

చక్కెర రోగులకి ప్రత్యేకం అని మా ఆయన పట్నం నుంచి బిస్కట్లు తెచ్చేవారు. ఆ పొట్లం వెనక చిన్న అక్షరాలు చదివాను. ముందు వైపు చక్కెర లేదని పెద్ద అక్షరాలు, వెనక మొదటి మాట మైదా. క్యాలరీలు వంద గ్రాములకి ఇచ్చారు. ఒక బిస్కట్టు ఎన్ని గ్రాములో ఎక్కడా లేదు. తినేవాడు ఒకటీ రెండూ తింటాడు గానీ తూకం వేసుకుని తింటాడా? వాటిని ఆఫీసుకొచ్చే జనానికి పంచేశాను. ఆ తరవాత నేను లెక్క చదవని పొట్లం లేదు. చదివినా నమ్మిందీ లేదు.

రెండోసారి వెళితే ఇంకా పెరిగింది. పెద్ద డాక్టరు నా మొహం చూడకుండా మా ఆయనతో, "వచ్చేసారికి ఏర్పాట్లు చేసుకు రండి. సూది నేర్పించి పంపిస్తాం" అన్నాడు. ఆ అమ్మాయి గదిలోంచి తొంగి చూసి, "ఇంట్లో ఎవరైనా కాస్త గమనిస్తుంటే బాగుండేది అంకుల్" అంది.

మా ఆయన ఆ మాట పట్టుకుని అక్కగారికి ఉత్తరం రాశారు. ఆవిడ సంచీ సర్దుకుని వచ్చి దిగింది, నన్ను గమనించడానికి. వచ్చిన రోజే బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసింది. నా చీరల మడతలు విప్పింది. మా ఆయన కాఫీకి వాడే చక్కెర సీసా మీద, చక్కెర ఎంతవరకుందో అక్కడ కాటుకతో గీత పెట్టింది. నేను వంటగదిలో ఉండగానే పెట్టింది.

"ఏటి వదినా అది?" అన్నాను.

"ఏం లేదమ్మా. చీమలు తింటన్నాయేమో అని."

మర్నాడు పొద్దున గూడెం ఆవిడ వచ్చి, నా గ్లాసు నింపి, కొత్త చుట్టం ఉందని నాకు తెచ్చినదాంట్లోంచే మరో గ్లాసు నింపింది. మా ఆడపడుచు వద్దనలేదు. ఎదటివాళ్ళు పెట్టేది వద్దనే అలవాటు ఆవిడకి లేదు. తాగేసి మూతి తుడుచుకుంది. పన్నెండు కొట్టేసరికి కంచం వేసుకుని కూచునే మనిషి ఆ రోజు రెండయినా లేవలేదు. మంచం మీద ఒత్తిగిల్లి పడుకుంది.

"వదినా, అన్నం పెట్టమంటారా?"

"వద్దే. ఏటేసి కాసిందే ఆ మనిషి? కడుపులో రాయేసినట్టుంది. అది జావేటి, గిన్నెడు సంకటి కదా."

నేను గరిటె కింద పెట్టేశాను. రోజూ మూడు పూటలా నేను తాగుతున్నది అదే. ఒక్క గ్లాసుకే ఆ తిండిపుష్టి మనిషి మధ్యాహ్నం భోజనం మానేసింది. చార్టులో ఆ గ్లాసుకి వేసిన లెక్క ఒక ఇడ్లీకి వేసిన దానికన్నా తక్కువ.

మర్నాడు గూడెం ఆవిడని అడిగాను, అంబలి ఎప్పుడూ ఇంత చిక్కగానే కాస్తావా అని.

"మా ఇంట్లకి ఇంత సిక్కగ కాయం" అంది. "నీ కోసరమే వేరేగ తీసి కాత్తన్నాను. జబ్బు మనిసివి, నీకు పల్సగ ఎలగ పోత్తాను? మొన్న నీ మొకం పీక్కుపోనాది అనీసి ఇంకో గుప్పెడు నూకలేసినాను."

"మొదట్లో ఇలా లేదా అయితే?"

"నేదు. నువ్వు నీరసం అన్న కాడి నుంచీ పెంచుతన్నాను. పల్సటంబలి ఎవులికి పోత్తామో తెలుసునా పోస్టమ్మా? బేగి లెగిసి పోవాల అన్నోలికి పోత్తాం. సుట్టాలికి పొయ్యం."

ఇదీ సంగతి. ఆ కొండ మీద అంబలి చిక్కదనం మర్యాద. మనిషి మీద ఎంత ఇష్టముంటే అంత చిక్కగా పోస్తారు. నేను చిక్కిపోయిన కొద్దీ ఆవిడ నూకలు పెంచింది, నూకలు పెరిగిన కొద్దీ నా చక్కెర పెరిగింది, చక్కెర పెరిగిన కొద్దీ నేను మరింత చిక్కిపోయాను. గ్లాసు మాత్రం ఒకటే గ్లాసు. కాగితం మీద దాని పక్కన అంకె ఒకటే అంకె.

ఈ మాట ఊరికే చెబితే ఆసుపత్రిలో నమ్మరని తెలుసు. నా మాటకి అక్కడ విలువ లేదు. తూకం చూపించాలి. చార్టు వెనక వైపు జావ ఎలా కాయాలో అచ్చేసి ఉంది: గ్లాసు నీళ్ళకి రెండు చెంచాల పిండి, ఉప్పు, దించాక కాస్త మజ్జిగ. అచ్చం అలాగే కాచి, ఒక గ్లాసు పళ్ళెంలో పోశాను. గూడెం అంబలి ఒక గ్లాసు ఇంకో పళ్ళెంలో పోశాను. నీళ్ళలో బలం లేదు. నీళ్ళు ఎగిరిపోతే మిగిలేదే తిండి. రెండూ ఎండబెట్టి తూస్తే ఎంత తేడానో ఎవరికైనా తెలుస్తుంది. ఇంత చిన్న ఆలోచన చెయ్యడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అయినా ఆ చదువున్నవాళ్ళెవరూ చెయ్యలేదు.

మొదటిసారి పొగమంచు వదలక రెండూ బూజు పట్టాయి. రెండోసారి వెనక బండ మీద, గూడెం వాళ్ళు కాఫీ గింజలు ఎండబోసుకునే చోట, ఒక మూల పెట్టి పైన దోమతెర గుడ్డ కప్పాను. సాయంత్రం తియ్యబోతుంటే గూడెం ఆవిడ ఖాళీ గంపతో బజారు నుంచి వచ్చింది. గుడ్డ ఎత్తి చూసింది.

"ఇది నాను ఇచ్చింది గదా."

"అవును."

"తాగవేటి? కాకులికి పెడతన్నావా?"

నేను చెప్పాను, చార్టు సంగతి, తూకం సంగతి, సూది సంగతి. ఆవిడ వింటూ పళ్ళెం అంచున ఎండి పెచ్చు కట్టిన అంబలిని వేలితో గోకుతూ కూచుంది. చివరికి, ఇకమీదట పలచగా, మూడో వంతు పిండితో, నూకలు లేకుండా తెచ్చి పెట్టమని అడిగాను.

"నాను తేను" అంది. "సిక్కంది తెత్తాను. నీకు పల్సగ కావాలంతే నువ్వే నీల్లు కలుపుకో. నా సేత్తో నాను పొయ్యను. మావోలు సూత్తే ఏటంతారు, పోస్టమ్మతోటి దెబ్బలాడినాది అనుకుంతారు."

"సరే, నేనే కలుపుకుంటాను."

"ఆ కలిపినప్పుడు నాను వెల్లిపోయినాక కలుపు."

పళ్ళేలు ఎండాయి. పెచ్చులు గోకి రెండు పొట్లాలు కట్టి, ఆఫీసులో ఉత్తరాలు తూచే తక్కెడ దగ్గరికి పట్టుకెళ్ళాను.

"ఇది గవర్నమెంటు తూకమే" అన్నారు మా ఆయన. "అంబలి తూచడానికి ఇవ్వలేదు."

"ఎవరైనా అంబలి పోస్టు చేస్తే తూచరా?"

"స్టాంపులంటిస్తే తూస్తాను" అని నవ్వబోయి, నా మొహం చూసి మానేసి తూచారు. చార్టు జావ పొట్లం ఎంతుందో అంబలి పొట్లం దానికి మూడింతలు దాటి ఉంది. ఆయన నమ్మలేక పొట్లాలు అటూ ఇటూ మార్చి మళ్ళీ తూచారు. తరవాత అక్కగారి గది వైపు చూశారు. క్షమించమన్న మాట మాత్రం అనలేదు. నేను ఎదురుచూస్తూ అక్కడే నిలబడ్డాను. ఎవరో మనియార్డరు కోసం వస్తే ఆయన అటు తిరిగారు.

ఆ రోజు నుంచీ అంబలి గ్లాసులో మూడో వంతే పోసుకుని, మిగతాది నీళ్ళూ మజ్జిగా కలిపి తాగాను. మొదటి వారం ఆకలి దంచేసింది. ఓర్చుకున్నాను. మా ఆడపడుచు కాటుక గీత రోజూ చూసుకుని, ఇంక లాభం లేదని విసుగెత్తి పార్వతీపురం వెళ్ళిపోయింది. వెళుతూ, నా కోసం తూర్పు గది ఖాళీ చేయించి ఉంచుతానని చెప్పి మరీ వెళ్ళింది.

తరవాతి విజిట్ కి రెండు పొట్లాలూ సంచిలో పెట్టుకుని దిగాను. రక్తం ఇచ్చాను. మధ్యాహ్నం పెద్ద డాక్టరు కాగితం చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. బాగా దిగింది. సూది అక్కర్లేదన్నాడు. మాత్రలు కూడా పెంచలేదు.

"చూశారా" అన్నాడు. "చెప్పిన మాట వింటే ఎలా ఉంటుందో. ఇన్నాళ్ళూ ఎందుకు ఇబ్బంది పెట్టారు?"

"నేను మొదటి నుంచీ విన్నానండీ. మీ చార్టులో అంబలి లెక్క తప్పు. ఇదిగో చూడండి." పొట్లాలు బల్ల మీద విప్పాను. ఆయన వాటిని ముట్టుకోలేదు. ఇవేవో మొక్కులు తీర్చుకొచ్చిన ప్రసాదమన్నట్టు చూసి, బెల్లు కొట్టి ఆ అమ్మాయిని పిలిచాడు. నేను మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను.

"మా చార్టులో అంబలి లేదు ఆంటీ" అంది. "జావ ఉంది. మీరు అంబలి తాగితే మేమేం చేస్తాం?"

"అంబలి వేరేగా ఉంటుందని చెప్పాను. పేరు మారితే క్యాలరీలు మారవన్నారు."

"నేనలా అనను."

"అన్నారు. ఆ కుర్చీలో కూచుని, ఈ చేత్తో గీత గీసి మరీ అన్నారు."

"అంకుల్, ఆంటీకి కొంచెం చెప్పండి" అంది మా ఆయనతో. ఆయన నాకు చెప్పడం మానేసి, తెరిచిన తలుపులోంచి పక్కగది గోడ మీద ఆపిల్ బొమ్మ చూశారు.

చార్టులో ఒక్క వరస చేర్చమన్నాను. గ్లాసు చిక్కటి అంబలి, నూకలతో, మూడు గ్లాసుల జావకి సమానం అని. కొండ మీంచి వచ్చేది నేనొక్కదాన్నే కాదు కదా. "ప్రింటయిపోయాయి ఆంటీ, కట్టలు కట్టలు ఉన్నాయి" అంది. అయితే నా ఫైల్లో రాసిన ముక్కయినా కొట్టెయ్యమన్నాను. డాక్టరు విసుక్కున్నాడు. "ఫైల్లో కొట్టివేతలు ఉండకూడదమ్మా. ఇవాళ్టిది కింద రాస్తాను, సరిపోతుంది." ఇంగ్లీషులో రాశాడు, రోగి ఇప్పుడు పథ్యం పాటిస్తున్నది అని. అంటే పాత అబద్ధం అలాగే ఉంది, దాని మీద ఇంకో అబద్ధం. చదివేవాళ్ళకి నేను దొంగతిండి తిని, పట్టుబడి, బుద్ధి తెచ్చుకున్న మనిషిని.

వచ్చేటప్పుడు బస్సులో, అనంతగిరి మలుపుల దగ్గర, మా ఆయన మెల్లిగా అన్నారు: "పోనీలే. తగ్గింది కదా."

"మీకు తగ్గింది" అన్నాను.

ఆడపడుచు సంగతి కూడా చెప్పాలి. నా చక్కెర ఎలా దిగిందని ఎవరడిగినా, "నేను వెళ్ళి కాపలా కాశాను కదా" అని చెప్పింది. ఇప్పటికీ అదే చెబుతుంది. తూర్పు గదిలో నా కోసం వేయించిన మంచం తీయించడానికి ఆవిడకి ఏడాది పట్టింది.

గూడెం ఆవిడ కొన్నాళ్ళు అంబలి తెచ్చింది. పోసి, నేను నీళ్ళచెంబు వైపు చూడకముందే గంప ఎత్తుకునేది. మునుపటిలా టీ కోసం కూచునేది కాదు. తరవాత రోజు విడిచి రోజు వచ్చింది. ఆ తరవాత బండ కింద నుంచి వేరే దారి ఉందని, అది దగ్గరని ఎవరితోనో అందట. అది దగ్గర కాదు. ఆ దారి నాకు తెలుసు, ఏటిగట్టంతా తిరిగి వెళ్ళాలి. నేను ఆవిడని ఒక్క మాట అనలేదు. ఆవిడ నా మీద కోపంతో వెళ్ళిందనీ అనను. మర్యాదకి నీళ్ళు కలుపుకుని తాగే ఇంటికి రోజూ ఎవరు మోసుకొస్తారు? ఆ అమ్మాయి మొదటి రోజే "మీ అంబలి ఎలా కాస్తారు" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, మొదటి రోజు నుంచే తక్కువ పోయించుకునేదాన్ని. బండ మీద ఆవిడకి ఆ పళ్ళెం కనబడే అవసరమే వచ్చేది కాదు. ఇది కూడా ఆ ఆసుపత్రి ఖాతాలోనే వేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి మా పక్కవీధి బడిపంతులు గారి అత్తగారికి చక్కెర వచ్చింది. అదే ఆసుపత్రికి వెళ్ళొచ్చారు. చార్టు ఇప్పుడు రంగుల్లో అచ్చేశారు, నున్నటి కాగితం, ఆపిల్ ఎర్రగా మెరుస్తోంది. చోడి జావ వరస కోసం వెతికాను. రాగి జావ, ఒక గ్లాసు, పక్కన అదే అంకె. నేను పెన్ను తీసి ఆ అంకె కొట్టేశాను. పంతులుగారు కంగారు పడ్డారు, "అయ్యో, డాక్టరు గారిచ్చిందండీ" అని. మీ అత్తగారి అంబలి ముందు ఒక పళ్ళెంలో పోసి ఎండబెట్టండి, తరవాత వచ్చి నాతో మాట్లాడండి అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు. ఆయన భార్య వచ్చింది, దోమతెర గుడ్డ అడగడానికి.

ఆ మధ్యనే సంతలో గూడెం ఆవిడ కనబడింది. చిక్కుడుకాయలు పోగులు పెట్టుకుని కూచుంది. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఇప్పుడెవులు కాత్తన్నారు నీకు అంబలి?"

"నేనే కాచుకుంటున్నాను."

"పల్సగేనా?"

"పలచగానే."

చిక్కుళ్ళ పోగు సర్దింది. తరవాత అంది: "నీ ఇంట్ల నీకే మరియాద నేదన్నమాట."

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఇందాకటి వాళ్ళ వరసలో చేర్చేదాన్ని. ఆవిడ అంది కాబట్టి చిక్కుళ్ళు తీసుకుని వచ్చేశాను. ఇంకా కొండ మీదే ఉన్నాను, సూది లేకుండా. ఆ ఫైలు ఎక్కడుందో తెలియదు. మొన్నామధ్య కూడా ఆ మొదటి ముక్క కొట్టెయ్యమని వాళ్ళకి కార్డు రాశాను.